ఆ చివర

ముందు దాని కాళ్లు కోశాను.
పుదుపేట పాతసామాన్ల సందులో
పదకొండు వేలకి బేరమాడి తెచ్చిన ఇంజను క్రేను.
చిన్న చక్రాల మీద నున్నటి గచ్చంతా తిరగాల్సిన పుట్టుక దానిది.
మాకు గచ్చెక్కడిది?
కూవం వాసన, ఆయిలు బురద, లోపలికెళ్తే వెనక్కి తిరగని సందు.
బండి ఎక్కడ ఆగిపోతే అదే మా షెడ్డు.

మునుపొక సరుగుడు కర్ర ఉండేది.
ఈ చివర నా భుజం, ఆ చివర మునిరత్నం భుజం,
మధ్యలో గొలుసుకి వేలాడుతూ ఇంజను,
తాగి పడిపోయిన మేనమామని ఇంటికి తెస్తున్నట్టు.
నేను "ఊఁ" అంటే వాడు "ఆఁ" అనేవాడు.
పంతొమ్మిదేళ్లలో మేం మాట్లాడుకున్నది
ముప్పాతిక వంతు అదే.

వాడి మోకాలు పోయింది.
ఇప్పుడు టీ నగర్‌లో ఏడంతస్తుల బట్టల కొట్టులో
లిఫ్టులో స్టూలేసుకుని కూచుంటాడు.
ఒక్క వేలితో జనాన్ని మోస్తాడు.
కర్ర గోడకి ఆనుకునే ఉంది.
ఒక్కడు ఎత్తితే అది ఉత్త కర్ర.

అందుకే ఈ కోత.
పికప్పు తొట్టి రేకు మీద బిగిస్తే
అప్పడంలా ముడుచుకుంటుందని తెలుసు.
కిందకి దూరి, వెల్లకిలా పడుకుని,
తుప్పు కంట్లో రాలుతుంటే చాసీ దాకా తడుముకుంటూ వెళ్లాను.
పది మిల్లీమీటర్ల ప్లేటు. ఎనిమిది బోల్టులు.
స్తంభం తిరగడానికి ఒక లేలాండు లారీ ముందు చక్రం హబ్బు.
ఎన్ని రాష్ట్రాలు తిరిగొచ్చిందో,
ఇక మా తొట్టి మూలన
ఉన్నచోటే తిరుగుతుంది.

వెల్డింగు చల్లారాక మసి తుడిస్తే
క్రేను చేతి మీద పసుపు అంకెలు బయటపడ్డాయి.
దగ్గరి బెజ్జం వెయ్యి కిలోలు.
నడిమిది ఏడు వందల యాభై.
చిట్టచివరిది ఐదు వందలు.
చెయ్యి ఎంత చాస్తే అంత తక్కువ మోస్తుందట.
నా చేతి మీద ఎవరూ రాయలేదు ఇది.
తమ్ముడి ఆటో కంతులకి, వదిన చీటీకి,
ముక్కూ మొహం తెలియనివాడి హామీ సంతకానికి
చాస్తూనే పోయాను.

మంగళవారం మునిరత్నానికి సెలవు.
చూడ్డానికొచ్చాడు, యూనిఫారం చొక్కాతోనే.
ఒక పాత టెంపో ఇంజను,
మూడు వందల కిలోలకి తగ్గదు.
జాకీ పిడి కొట్టాను. గొలుసు బిగిసింది.
ఇంజను కదల్లేదు.
పికప్పు కదిలింది.
ఎడమ పట్టీలు మూలిగాయి.
కుడి వెనక టైరు నేలని వదిలి
అరంగుళం గాలి చూసింది.

నాకు తెలియకుండానే "ఊఁ" అన్నాను.

"ఆఁ" అంటూ వాడు
కుంటుకుంటూ తొట్టి ఎక్కి
కుడి మూలన చతికిలబడ్డాడు.
డెబ్బై రెండు కిలోలు.
టైరు సగం మనసుతో నేలకి దిగింది.
"ఎన్నో అంతస్తు సార్?" అన్నాడు.

నవ్వు ఆగాక లెక్క వేశాం.
ఆ బరువు చాలదు. పైగా వారానికొక్క మంగళవారమే.

నేను కోసిపారేసిన కాళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి.
వాటినే తెచ్చి, స్తంభం కిందుగా
గొట్టంలో గొట్టం దూర్చాను.
లాగితే పక్కకి చాచుకుంటుంది,
మర తిప్పితే నేలకి ఆనుతుంది.
కానీ ఇది పుదుపేట నేల.
అడుగున పలక లేకపోతే కాలు బురదలోకే.

ఇద్దరం ఒకేసారి కర్ర వైపు చూశాం.
రెండు చివరలా భుజాలు అరగదీసిన చోట
ఎవరో పాలిష్ పెట్టినట్టు నున్నగా ఉంది.
నేను రంపం అందుకోలేదు.
"కొయ్యరా" అన్నాడు వాడే.

నాలుగు ముక్కలు. పక్కపక్కన పేర్చి బోల్టులు వేశాను.
వేశాక చూస్తే ఏది నా చివరో
ఏది వాడిదో తెలియలేదు.

మళ్లీ పిడి కొట్టాను.
ముక్కలు కిర్రుమని బురదలో సర్దుకున్నాయి.
ఇంజను లేచింది,
అడుగునుంచి నల్లటి నీళ్లు కారుస్తూ
కొంచెం అటూ కొంచెం ఇటూ ఊగి నిలబడింది.
ఎవరూ ఊఁ అనలేదు. ఆఁ అనలేదు.

వాడు మాత్రం
తొట్టిలోంచి దిగలేదు.